జంట పట్టీలు

సువార్తమ్మ తన చెయ్యి కాలుతోందని వాసన వల్ల తెలుసుకుంది.

రెండో వంటశాలలో గంజి డేగిసా దించుతుంటే మసిగుడ్డ జారిపోయింది. ఆమె చూసుకోలేదు. "ఏందే సువార్తా, ఏందో కమురు కంపు కొడతంది?" అంది పక్కన ఆకుకూర తుంచుతున్న పిచ్చమ్మ. ఇద్దరూ పొయ్యిలోకి చూశారు, గంజిలోకి చూశారు. ఆఖరికి సువార్తమ్మ కళ్లు తన అరచేతి మీద పడ్డాయి. పదిమంది తాగాల్సిన గంజి కదా, డేగిసాని జాగ్రత్తగా కింద పెట్టి, అప్పుడు కట్టు కట్టించుకోవడానికి నడిచింది. ఏడవలేదు. నొప్పి లేనిదానికి ఏడుపు ఎక్కణ్ణించి వస్తుంది?

అది 1957 వేసవి. ఇసకమిట్ట కుష్ఠు ఆసుపత్రికి ఆమె వచ్చి పదో ఏడు నడుస్తోంది. సముద్రానికి రెండు మైళ్ల ఇవతల, సరుగుడు తోపుల మధ్య నూటయాభైమంది రోగులు. అందరిదీ ఒకే రోగం. వంటశాలలు మాత్రం రెండు, బావులు రెండు. వేళ్లు రాలిపోయి, కర్ర ఊతంతో బావి దాకా కుంటుకుంటూ వచ్చేవాళ్లు కూడా సువార్తమ్మ చేదిన నీళ్లు ముట్టేవారు కాదు. ఆమె మాదిగ.

పుట్టిన గూడెంలో ఆమె తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఆరెతో తోలుకు బెజ్జాలు పొడవడం ఆమెకు ఎనిమిదో ఏటే వచ్చు. పెళ్లయిన మూడో ఏడు వీపు మీద రాగిరంగు మచ్చ బయటపడేసరికి, ఊరు దూరం పెట్టిన ఆ గూడెమే ఆమెను దూరం పెట్టింది. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టకుండానే ప్రార్థన చేసి, ఇక మీదట గుడికి రావద్దని మెత్తగా చెప్పాడు. మగవాడికి రోగం వస్తే పెళ్లాం వెంట వచ్చి ఆసుపత్రి గేటు బయట పాక వేసుకుని ఉండేది. అలాంటి పాకలు ఇసకమిట్టలో పది దాకా ఉన్నాయి. ఆడదాని కోసం వచ్చి పాక వేసుకున్న మొగుడు ఒక్కడూ లేడు. సువార్తమ్మ కడుపుతో ఆసుపత్రికి వచ్చింది. ఆ బిడ్డ పుట్టకముందే మొగుడు ఇంకో మనువు చేసుకున్నాడు.

బిడ్డను పుట్టిన పూటే పిల్లల హోముకు తీసుకుపోయారు. అది రూలు. పేరు మాత్రం తల్లిని అడిగారు. "ఎస్తేరు" అంది. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, ఆసుపత్రి ఆవరణలో తాడు కట్టేవారు. తాడుకు ఇటు తల్లులు, అటు పది అడుగుల దూరాన పిల్లలు. కొత్త మాత్రలు వచ్చాక సువార్తమ్మ రోగం ఆగిపోయింది. మూడేళ్లుగా ఎన్నిసార్లు పరీక్ష చేసినా ఒంట్లో క్రిమి కనబడలేదు. మొద్దుబారిన చేతులు అలాగే ఉన్నాయి. తాడూ అలాగే ఉంది.

కాలిన చేతికి ఆ రోజు కట్టు కట్టింది కొత్తగా వచ్చిన డాక్టరు పరాంకుశంగారు. మద్రాసులో నరాల మీద పరిశోధన చేసి, ఏరికోరి ఈ ఇసక దిబ్బల్లోకి వచ్చిన మనిషి. కట్టు కట్టాక వెంటనే పంపెయ్యలేదు.

"ఈ చెయ్యి ఎప్పటినుంచి మొద్దుబారింది?"

"బిడ్డ పుట్టక ముందు నించే అయ్యా."

"మరి ఇక్కడ?" అంటూ మోచేతి పైన గట్టిగా గిల్లాడు.

"అబ్బా!" అంది సువార్తమ్మ.

డాక్టరు మొహం విప్పారింది. తన నొప్పికి ఒకరు సంతోషించడం ఆమెకు వింతగా తోచింది.

"రేపు పొద్దున నా గదికి రా" అన్నాడు.

*

ఆయన గది అంటే వెనకటి దొరల కాలపు గుర్రపుశాల. బల్ల మీద గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి, రాగితీగ చుట్టలు చుట్టలుగా పడి ఉంది. మధ్యలో లోపలివైపు రాగి గుబ్బలు దిగేసిన రెండు తోలు పట్టీలు. డాక్టరు వివరంగా చెప్పబోతుండగా సువార్తమ్మ పట్టీ వైపు వంగి చూసి, "ఈ తోలు సరిగ్గా పదును చెయ్యలా అయ్యా. చెమట తగిలితే బిగుసుకుపోద్ది" అంది. ఆయన నవ్వి, పదును ఎలా చెయ్యాలో అడిగి రాసుకున్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు.

"స్పర్శ తెలిసే మనిషి మణికట్టుకు ఒక పట్టీ కడతాం. ఇంకొకటి నీ మోచేతి పైన, నరం ఇంకా బతికున్న చోట. మధ్యలో తీగ. ఆ మనిషి ముట్టుకున్నది నీకు తెలియాలి. అలా కొన్నాళ్లు తెలుస్తూ ఉంటే, కింద నిద్రపోయిన నరం కూడా మేలుకుంటుందని నా ఊహ."

"నొప్పి తెలుస్తదా అయ్యా?"

"నొప్పి, వేడి, చలి, అన్నీ."

"అయితే కట్టండి."

సువార్తమ్మ ఒప్పుకుంది గానీ రెండో మనిషి దొరకలేదు. నర్సులు, రోగం తీగ వెంట పాకదని కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చినా రాలేదు. పట్నం నుంచి వచ్చిన వైద్య విద్యార్థి ఒకడు సరేనన్నాడు. రోగి ఎవరని అడిగి తెలుసుకున్నాక, మా నాన్నగారు ఒప్పుకోరని తల దించుకుని వెళ్లిపోయాడు. రోగం కాళ్లకే వచ్చి చేతులు బాగున్నవాళ్లు మొదటి వార్డులో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో సీతారావమ్మను అడిగితే, "దాని చెయ్యి నా చేతిలోకి వస్తుందా? నా రోగం చాలదా డాక్టరుగారూ?" అంది.

మూడో నెలలో డాక్టరు, పట్నంలోని అంధుల పాఠశాల నుంచి ఒకమ్మాయిని తీసుకొచ్చాడు. పేరు సైదమ్మ. ఇరవైనాలుగేళ్లు ఉంటాయి. ఐదో ఏట మశూచి వచ్చి రెండు కళ్లూ పోయాయి. చుక్కల అక్షరాలు వేళ్లతో తడిమి చదువుతుంది, అదే బడిలో చిన్నపిల్లలకు నేర్పుతుంది. చూపంతా వేళ్లలోకి దిగిన చేతులు కదా, అంత చురుకైన స్పర్శ ఇంకెక్కడా దొరకదని డాక్టరు మురిసిపోయాడు.

హెడ్ నర్సు మాత్రం ఒక షరతు పెట్టింది. బయటి పిల్ల, రోగి ఉన్న గదిలో అడుగు పెట్టకూడదు. అందుకని సైదమ్మ ఇటు గదిలో, సువార్తమ్మ అటు గదిలో, మధ్య గోడకున్న చిన్న కిటికీలోంచి తీగ.

మొదటి రోజు సువార్తమ్మ చెయ్యి చెక్కబల్ల మీద ఎండుకొమ్మలా పడి ఉంది. అవతల ఏదో చప్పుడైంది. ఉన్నట్టుండి ఆమె కుర్చీలోంచి లేవబోయింది.

"సల్లగా... అయ్యా! ఎవరో నా చెయ్యి బావిలో పెట్టారు!"

చెయ్యి బల్ల మీదే, పొడిగా ఉంది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వేడి నీళ్ల గ్లాసు. తర్వాత గరుకు కాగితం. తర్వాత ఏదో మెత్తగా, ఏమీ లేనంత మెత్తగా.

"ఇది పత్తి" అంది గోడ అవతలి గొంతు. "గింజ తీసి ఏకిన పత్తి. తెలుస్తందా?"

"తెలుస్తంది. నువ్వెవరమ్మాయ్?"

"సైదమ్మని. దూదేకులోళ్ల పిల్లని. ఏకిందీ ఏకందీ చీకట్లో చెప్తాను. నాకెప్పుడూ చీకటేలే."

సువార్తమ్మకు నవ్వాలో వద్దో తెలియలేదు. అవతల ఆ అమ్మాయే ముందు నవ్వింది.

పట్టీలు విప్పాక జరిగింది అసలు అద్భుతం. తీగ లేకుండానే, అరగంటసేపు, సువార్తమ్మ వేళ్లకు సొంతంగా స్పర్శ తెలిసింది. గోడ సున్నం ముట్టుకుంది. చీర అంచు నలిపింది. వాకిట్లో వేపచెట్టు బెరడు గీరింది. తర్వాత మొహం తడుముకుంది. ఆసుపత్రిలో అద్దాలు ఉంచరు. చెవి తమ్మెలు ఇంత దళసరిగా, కనుబొమల మీద వెంట్రుకలు లేకుండా ఇంత నున్నగా అయిపోయాయని ఆమె వేళ్లు మొదటిసారి చెప్పాయి. చాలాసేపు చెట్టు మొదట్లో కూర్చుంది. చేతులు మళ్లీ చచ్చుబడుతుంటే, ఆ పోయేదాన్ని కూడా వదలబుద్ధి కాక పిడికిలి బిగించింది.

అదే సమయంలో అవతలి గదిలో సైదమ్మ చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారిపడింది. "కొంచెం తిమ్మిరి" అని డాక్టరు పుస్తకంలో రాసుకున్నాడు.

*

వారానికి మూడు రోజులు ప్రయోగం సాగింది. పట్టీ విప్పాక స్పర్శ నిలిచే అరగంట గంట అయింది, గంట పూట అయింది. ప్రయోగం లేని రోజుల్లో సువార్తమ్మ మామూలుగానే గంజి వండింది, చీపురు పట్టింది, రెండో బావి దగ్గర వంతు కోసం నిలబడింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం తాడుకు అవతల ఎస్తేరు నిలబడింది. తొమ్మిదేళ్లు నిండిన పిల్ల. చేతులు వీపు వెనక పెట్టుకుంది. హోములో పిల్లలందరికీ అలా నిలబడమనే నేర్పారు.

"బాగుండావా అమ్మా?" అంది పాఠం ఒప్పజెప్పినట్టు.

"బాగుండా. నా చేతికి ఇప్పుడు అన్నీ తెలుస్తన్నాయి తల్లీ, కాసేపన్నా."

"అంటే?"

"అంటే... నువ్వు పుట్టినప్పుడు నిన్ను నా పక్కన ఇంతసేపు పడుకోబెట్టారు. నీ తల నిమిరా. నాకేం తెలవలా. మెత్తగుందో, ఎచ్చగుందో."

ఎస్తేరు చేతులు ముందుకు తేబోయి, హోము ఆయా వైపు చూసి, మళ్లీ వెనక్కి పెట్టుకుంది.

ఆ మాట సువార్తమ్మ డాక్టరుతో చెప్పుకుంది. డిసెంబరులో హైదరాబాదు నుంచి ఆరోగ్యశాఖ పెద్దలు ప్రయోగం చూడటానికి వస్తున్నారు. ఆ రోజు ఎస్తేరును తాడుకు ఇటువైపు రప్పిస్తాననీ, పట్టీ విప్పాక అందరి ముందూ ఆమె కూతుర్ని ముట్టుకోవచ్చనీ మాటిచ్చాడు. ఇంకా మూడు నెలలు. సువార్తమ్మ రోజులు లెక్కపెట్టుకుంది.

ప్రయోగాల మధ్య మాట్లాడవద్దని డాక్టరు చెప్పినా గోడకు అటూ ఇటూ మాటలు ఆగలేదు. సైదమ్మ తన పుస్తకం తెచ్చుకుని, పట్టీ కట్టుకునే చదివేది. ఆమె వేలు చుక్కల మీద పాకుతుంటే సువార్తమ్మ వేలి కొసన ఆవగింజలు గుచ్చుకున్నట్టుండేది.

"ఇదేందమ్మాయ్, ఒకటే గింజ?"

"అది 'అ' అక్కా. ఒక్క చుక్క."

అలా మొదలైంది. బడి వరండా మీదికి కూడా ఎవరూ ఎప్పుడూ రానివ్వని సువార్తమ్మ, ముప్పయ్యారో ఏట, ఒక గుడ్డిపిల్ల వేళ్లలోంచి అక్షరాలు నేర్చుకుంది. అక్టోబరు చివరికి తన పేరు తెలిసింది. సైదమ్మ ఆ పేరును నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ నెమ్మదిగా తడిమింది.

ఒకరోజు సైదమ్మ వరండాలో కూర్చుని ఉంటే మొదటి వార్డు సీతారావమ్మ పనిగట్టుకుని వచ్చింది. గోడ అవతలున్న సువార్తమ్మకు ఆ మాటలన్నీ వినబడ్డాయి.

"నీకు కళ్లు లేవని మోసం చేస్తున్నారే పిల్లా. అటు పక్కనున్నది ఎవరనుకున్నావు? మాదిగది. పైగా నాకంటే ముదిరిన రోగం."

"అట్టాగా అమ్మా" అంది సైదమ్మ. "మీకు దాహం వేస్తే మా ఇంట్లో నీళ్లు తాగుతారా?"

"మీ ఇంట్లోనా? మీరు తురకలు కదా!"

"తురకోళ్లేమో మీరు తురకలే కాదు పొమ్మంటారు. పిల్లనివ్వరు, మా పిల్లని చేసుకోరు. ఇంక నేను ఎవరి నీళ్లని ఏం ఎంచను చెప్పండి?"

సీతారావమ్మ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. సువార్తమ్మ కిటికీ దగ్గరికి జరిగి, "నీకు ముందే చెప్పాల్సింది. భయమేసింది" అంది.

"నాకు ముందే తెలుసక్కా. డాక్టరుగారు నన్ను అడిగే ముందు ఇంకెంతమందిని అడిగాడో చెప్పాడు. అంతమంది కాదన్నారంటే ఎందుకు కాదంటారో నాకు తెలవదా?"

*

నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఒక మంగళవారం సైదమ్మ పైకి చదువుతోంది. రాజుగారు వేటకు వెళ్లిన కథ. గొంతు గలగలా సాగుతోంది. కానీ సువార్తమ్మ వేలికి ఆవగింజలు గుచ్చుకోవడం లేదు. దుప్పటి కింద ఉన్నట్టు ఏదో పాకుతోంది, అంతే. కాసేపటికి అదీ లేదు. వేలు నున్నటి కాగితం మీద పోతున్నట్టుంది. అయినా అవతల రాజుగారు లేడిని తరుముతూనే ఉన్నాడు.

"సైదా" అంది సువార్తమ్మ. "నువ్వు చదవట్లా. నీకొచ్చిన కథ చెప్తన్నావు."

గొంతు ఆగిపోయింది.

"ఎన్ని వేళ్లు?"

"కుడిచేతివి రెండు. మూడోది కూడా అట్టాగే ఉంది."

"ఎప్పటినించి?"

"దసరా నించి తిమ్మిరి పూర్తిగా వదల్లేదు. డాక్టరుగారికి చెప్పా. కొన్నాళ్లకి తగ్గిపోద్దన్నాడు. బళ్లో తెలవకుండా పాఠాలు బట్టీపట్టి చెప్తన్నా."

సువార్తమ్మ తన చేతి వైపు చూసుకుంది. నిన్న సాయంత్రం దాకా ఈ చెయ్యి బెల్లపు ముక్క జిగురును, గచ్చు చల్లదనాన్ని, పిచ్చమ్మ జడ కుదుళ్లను ముట్టుకుని ఆనందించింది. నిద్రపోయిన నరం ఏదీ మేలుకోలేదు. ఇక్కడికి వచ్చిందంతా అక్కడినుంచి తరలిపోయిందే.

"మరి నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు మానేస్తావు గదా" అంది సైదమ్మ. గొంతులో కోపముంది. "పుట్టిన కాడ్నించి అందరూ నాకు పెట్టేవాళ్లే. అన్నం పెట్టారు, బడిలో పెట్టారు, దయ చూపించారు. నీ దగ్గరున్నది మాకు కావాలని ఇంతవరకూ నన్ను ఎవరడిగారక్కా? నీ బిడ్డని ముట్టుకో. తర్వాత మానేద్దాం."

సువార్తమ్మ పట్టీ విప్పేసి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన పుస్తకం మూసి, ఆమె చెప్పిందంతా విన్నాడు. తెలియని సంగతి విన్నట్టు నటించలేదు. అది ఆయన మంచితనమే.

"దేశంలో లక్షలమంది ఉన్నారు సువార్తమ్మా. రాత్రి ఎలుకలు వేళ్లు కొరికినా తెలియనివాళ్లు. మా అక్క ఒకతి. మా ఇంట్లో వెనక గదిలో పెట్టి తాళం వేశారు. ఊళ్లో చచ్చిపోయిందని చెప్పారు. ఆరేళ్లు బతికింది ఆ తర్వాత." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ పట్టీలో లోపం ఉంది, ఒప్పుకుంటాను. పెద్దలు చూసి మెచ్చుకుంటే పెద్ద ప్రయోగశాల ఇస్తారు. అప్పుడు ఎవరికీ నష్టం లేకుండా చెయ్యగలను. ఇంక రెండు వారాలే."

"ఈ రెండు వారాలూ ఆ పట్టీ మీరు కట్టుకోరాదా అయ్యా?"

డాక్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఈ చేతులతో ఆపరేషన్లు చెయ్యాలి కదమ్మా."

"నిజమేనయ్యా. ఆ పిల్లకి మాత్రం కళ్లు ఆ వేళ్లే."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. మూడు నెలలు ఎవరెవరినో అడిగి, చివరికి కాదనలేని మనిషి దగ్గరికి వెళ్లాడు. తనను అడిగినప్పుడూ అంతే కదా అనిపించింది.

*

డిసెంబరు తొమ్మిదిన మూడు కార్లు వచ్చాయి. గుర్రపుశాలకు వెల్ల వేశారు. కుర్చీల మీద తెల్లగుడ్డలు పరిచారు. వచ్చిన పెద్దలు మాస్కులు కట్టుకుని, తలుపుకు దగ్గరగా, గాలి వచ్చే చోట కూర్చున్నారు. వాళ్లలో అందరికంటే పెద్ద అధికారి, నెరసిన మీసాల మనిషి, మాస్కు తీసి మరీ అందరినీ పలకరించాడు.

సైదమ్మ కిటికీ అవతల కూర్చుని, మణికట్టుకు పట్టీ అప్పుడే బిగించుకుంది. ఎస్తేరును తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టారు. తలకు నూనె రాసి దువ్వారు, తెల్ల గౌను వేశారు. ఇంత దగ్గరగా సువార్తమ్మ కూతుర్ని పుట్టిన రోజు తర్వాత చూడలేదు. పిల్ల మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది. తనకున్న చోటే.

డాక్టరు ఇంగ్లీషులో పావుగంట మాట్లాడి, తెలుగులో, "చెయ్యి ఇటు పెట్టమ్మా" అన్నాడు.

సువార్తమ్మ చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ చీర చెంగులో చుట్టుకుంది.

"నేను కట్టుకోనయ్యా."

"సువార్తమ్మా!"

"అక్కా, కట్టుకో!" అంది కిటికీ అవతల సైదమ్మ. "కట్టుకోమన్నానా!"

పెద్దవాళ్ల ముందు సువార్తమ్మ ఎప్పుడూ నోరు విప్పలేదు. నెరసిన మీసాల అధికారి వైపు తిరిగింది, ఆయనకు మాస్కు లేదు కాబట్టి.

"అయ్యా, ఈ మిషను పనిచేస్తది. డాక్టరుగారు అబద్ధం చెప్పలా. ఐదు నెలలు నాకు అన్నీ తెలిసినాయి. కానీ నాకు వచ్చిందంతా ఆ గుడ్డిపిల్ల దగ్గర్నించి పోయిందే. దాని మూడు వేళ్లు పోయినాయి. ఎవురూ ఇయ్యకపోతే అదొకతే ఇచ్చింది."

గదిలో కుర్చీలు కదిలాయి. ఆసుపత్రి సూపరింటెండెంటు లేచి ఏదో అనబోయాడు. ఆమె ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఇంకో మాటయ్యా. నా బిడ్డని ముట్టుకోడానికి ఈ పట్టీ కావాలని నేనూ అనుకున్నా. నాకు రోగం పోయి మూడేళ్లయింది. కాగితాలున్నయ్. నన్ను ఆపింది ఈ చెయ్యి కాదు. తాడు. అది మిషనుతో పోయేది కాదు, మీరు ఇప్పితే పోయేది."

అధికారి, సూపరింటెండెంటును పిలిచి నెమ్మదిగా ఏదో అడిగాడు. ఆయన రూలు పుస్తకం అన్నాడు, ఇరవై ఏళ్ల నాటి రూలన్నాడు. అధికారి కాగితం మీద రెండు ముక్కలు రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆమెకేసి ఒకసారి చూసి, తల పంకించి, లేచాడు. ప్రయోగం లేదు కనుక పిల్లతో పని లేదు. హోము ఆయా ఎస్తేరు భుజం పట్టుకుని బయటికి నడిపించింది. పిల్ల గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూసింది. సువార్తమ్మ చెంగులోంచి చేతులు తియ్యలేదు. తీస్తే వాటంతటవే ముందుకు చాస్తాయని భయం.

కార్లు వెళ్లిపోయాక సైదమ్మ గోడ తడుముకుంటూ, హెడ్ నర్సు అరుస్తున్నా వినకుండా, సువార్తమ్మ ఉన్న గదిలోకి వచ్చింది. తొమ్మిది అడుగుల దూరంలో ఐదు నెలలు కూర్చున్న ఇద్దరూ ఒకే గదిలో నిలబడటం అదే మొదలు.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అంది. ఏడుస్తోంది. "అవి నా వేళ్లు. ఇచ్చుకుంటానో దాచుకుంటానో నా ఇష్టం. ఇప్పుడు బళ్లో అందరికీ తెలిసిపోద్ది. చదవలేని పంతులమ్మని ఎవరుంచుకుంటారు?"

"తప్పేనే" అంది సువార్తమ్మ. "నిన్నడగాల్సింది. నాకు పెట్టేవాళ్లు కూడా నన్ను ఏదీ అడగలా. నేనూ నీకు అట్టాగే చేశా."

సైదమ్మ చెయ్యి చాచి, ఎడమచేత్తో, సువార్తమ్మ మొహం వెతికింది. నుదురు, కనుబొమలు లేని చోటు, దళసరి చెవులు, అన్నీ నెమ్మదిగా తడిమింది. కోపం తగ్గలేదు. తడమడమూ ఆపలేదు.

*

పెద్ద ప్రయోగశాల రాలేదు. గాజు బుడ్లూ పట్టీలూ పెట్టెల్లో సర్ది మద్రాసుకు పంపించారు. డాక్టరు పరాంకుశంగారు వెళ్లలేదు. వంకరపోయిన వేళ్లను కత్తితో సరిచేసే పనిలో పడ్డాడు. చేతికి కొత్త స్పర్శ తేలేకపోయినా గ్లాసు పట్టుకునేలా చెయ్యగలిగాడు. మొదటి ఆపరేషను సువార్తమ్మకే చేశాడు. దానికి ముందు ఆమెను కూర్చోబెట్టి, ఏం పోవచ్చో ఏం రావచ్చో గంటసేపు చెప్పి, అప్పుడు ఒప్పుకుంటావా అని అడిగాడు.

సైదమ్మను బడిలో నిజంగానే పాఠాల నుంచి తప్పించి, కుర్చీలు అల్లే గదిలో వేశారు. ఏడు నెలలు అల్లింది. ఆ ఏడు నెలల్లో ఎడమచేతి వేళ్లతో మొదటినుంచి చదవడం నేర్చుకుంది. కుడిచేతి వేళ్లలో ఒకటి కొంచెం తేరుకుంది, మిగతా రెండూ అలాగే ఉండిపోయాయి. ఇసకమిట్ట నుంచి ఆమెకు ఒకరోజు ఒక తోలు ముక్క వచ్చింది. సువార్తమ్మ ఆరెను గుడ్డతో అరచేతికి కట్టుకుని, కంటితో చూసుకుంటూ చుక్కలు పొడిచింది. చుక్కలు వెనకనుంచి పొడవాలని, కుడి నుంచి ఎడమకు రాయాలని ఆమెకు తెలియదు. అన్నీ తిరగబడ్డాయి. సైదమ్మ అరపూట కూర్చుని దాన్ని విప్పుకుంది. "కోపం పోయిందా" అని ఉంది. జవాబుగా, ఇంకొంచెం ఉందనీ, తప్పులు దిద్ది పంపుతున్నాననీ రాసింది. ఎనిమిదో నెలలో మళ్లీ పిల్లలకు చదువు చెప్పడానికి పిలిచారు. ఎడమచేత్తో చదివే పంతులమ్మ అని పేరొచ్చింది.

తాడు సంగతి మరుసటి ఏడాది ఆగస్టులో తేలింది. హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. మూడేళ్లు క్రిమి కనబడని తల్లులు పిల్లలను దగ్గరికి తీసుకోవచ్చు. సువార్తమ్మ పేరు అందులో ఎక్కడా లేదు. నోటీసు బోర్డు దగ్గర దాన్ని చదివి వినిపించిన గుమస్తా, ఎవరు అడిగారో ఏమో, మంచి పని చేశారన్నాడు. రెండు బావులు మాత్రం రెండుగానే ఉన్నాయి.

సెప్టెంబరు మొదటి ఆదివారం ఆవరణలో తాడు కట్టలేదు. అయినా తల్లులు పాత చోటే వరసగా నిలబడ్డారు. పిల్లలు పది అడుగుల దూరంలో ఆగిపోయారు. ఎస్తేరు చేతులు వెనక పెట్టుకునే ఉంది.

సువార్తమ్మ పిలవలేదు. ఇసకలో కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. పిల్ల ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో రెండు అడుగులు వేసింది. దగ్గరికొచ్చి, వంగి, ఆ చేతిని కొత్త వస్తువును చూసినట్టు చూసింది. తర్వాత తన చెయ్యి ముందుకు తెచ్చి, రెండు వేళ్లు పట్టుకుంది.

"ఇట్టా పట్టుకుంటే నీకు తెలుస్తందా అమ్మా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. సువార్తమ్మ దాన్ని మింగేసింది.

"తెలవట్లా తల్లీ."

ఎస్తేరు పట్టు సడలింది. "మరి ఎందుకు?"

"వదలమాక" అంది సువార్తమ్మ. "నాకు కనపడతంది గదా."

పిల్ల ఆలోచించింది. ఇసకలో తల్లి పక్కన చతికిలబడి, ఆమెకు బాగా కనపడేలా, ఈసారి రెండు చేతులతో పట్టుకుంది.